బస్టాండులో వదిలేసిన బ్యాగు

మొన్న విజయవాడ నెహ్రూ బస్టాండులో ఏలూరు బస్సు కోసం కూర్చున్నా. పక్కనున్న పెద్దావిడ "అమ్మాయ్, ఈ సంచి కాస్త చూస్తుండు, ఇప్పుడే వస్తా" అని, నా జవాబు కోసం ఆగకుండానే వెళ్ళిపోయింది. పది నిమిషాలకి వచ్చింది.

తర్వాత నీళ్ళ సీసా కొనడానికి నేను లేచా. బ్యాగులో ఆఫీసు లాప్‌టాప్ ఉంది, భుజానికి తగిలించుకోబోయా. "పెట్టెళ్ళమ్మా, నేను లేనూ?" అంది.

పట్టీ మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. తీసుకెళ్తే, ఆవిడ ముఖం మీదే "నువ్వు దొంగవేమో" అన్నట్టు కాదూ! పెట్టేసి వెళ్ళా.

డేవిడ్ డన్నింగ్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 2014లో రాసింది అక్కడే గుర్తొచ్చింది. చేతిలో 5 డాలర్లు పెట్టి, ఉంచుకుంటావా, ముక్కూముఖం తెలియని మనిషికి ఇస్తావా అని అడిగారు. ఇస్తే అవతలి మనిషి దగ్గర అవి 20 అవుతాయి. అతను 10 వెనక్కివ్వచ్చు, మొత్తం ఉంచేసుకోవచ్చు. తిరిగొస్తాయన్న ఆశ అంతగా లేనివాళ్ళు కూడా చాలామంది ఇచ్చారు. లాభం లెక్క కాదది. ఇవ్వకపోతే ఎదుటి మనిషి నడతను శంకించినట్టవుతుందని. ఇన్నాళ్ళూ దీన్ని నా మొహమాటం అనుకున్నా. కాదు, ఇది మర్యాద. సాటి మనిషికి మనం ఇచ్చే మొదటి మర్యాద.

అయినా క్యూలో నిలబడి రెండుసార్లు వెనక్కి చూశా.

తిరిగొచ్చేసరికి ఆవిడ నా బ్యాగు పట్టీని తన మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, గట్టిగా పట్టుకుని కూర్చుంది.