ఫిజిక్స్ క్లాసులోకి ఫోన్లు తెచ్చుకోమంటాను

ప్రొజెక్టర్ వేసి లైట్లు ఆర్పితే చాలు, వెనక బెంచీలు హాయిగా కునుకు తీస్తాయి, అందుకే పీపీటీల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మా డిగ్రీ పిల్లలకి నిజంగా పనికొచ్చింది ఫైఫాక్స్, జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్ల ఉచిత యాప్. ఫోన్‌లో ఉన్న సెన్సర్లతోనే కొలతలు తీస్తుంది, ఒకసారి వేసుకుంటే నెట్ కూడా అక్కర్లేదు (కాలేజీ వైఫై సంగతి తెలిసిందేగా).

ధ్వని వేగం పాఠమే చూడండి. వరండాలో 5 మీటర్ల దూరంలో రెండు ఫోన్లు పెట్టి రెండింట్లోనూ యాప్‌లోని అకౌస్టిక్ స్టాప్‌వాచ్ (చప్పుడుకి మొదలై, మళ్లీ చప్పుడుకి ఆగేది) ఆన్ చేస్తాం. మొదటి ఫోన్ దగ్గరున్న అబ్బాయి గట్టిగా ఒకసారి చేతులు చరిస్తే రెండూ మొదలవుతాయి, కాసేపాగి రెండో ఫోన్ దగ్గరున్న అమ్మాయి చరిస్తే రెండూ ఆగుతాయి. ఆ రెండు టైముల తేడా 29 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, రానూపోనూ 10 మీటర్లు కాబట్టి భాగిస్తే సెకనుకి సుమారు 345 మీటర్లు! మధ్యలో ఎవరైనా తుమ్మారా, మళ్లీ మొదటికే.

అందరికీ ఫోన్ ఉండక్కర్లేదు, గ్రూపుకి రెండు చాలు. రికార్డులో లెక్క మాత్రం చేత్తోనే చేయిస్తాను, అది యాప్‌కి అప్పజెప్పేది లేదు.