పెట్టకు పెట్టిందే పిల్లకు

ఆషాఢం, శుక్రవారం.

రాత్రంతా ఒకటే వాన. తెల్లవారుజామున కాస్త తెరిపిచ్చింది. గూడు తలుపు తియ్యగానే పుంజులు ముందు దూకాయి, వాటి వెనకాల పెట్టలు, అన్నిటికంటే ఆఖర్న పిల్లల తల్లి. అది గడప మీద ఆగి, మెడ పక్కకి వంచి ఒక కంటితో ఆకాశం చూసి, గద్ద లేదని నమ్మకం కుదిరాక గానీ పిల్లల్ని కిందికి దింపదు. ఎవరు నేర్పారో దానికి!

పొద్దున్నే నా మొదటి పని మేత వెయ్యడం కాదు, గూట్లో రెట్టలు చూడటం. గట్టిగా ఉండి పైన తెల్లటి పూత ఉంటే కోడి బాగున్నట్టే. పచ్చగా నీళ్లలా కనిపిస్తే మాత్రం నాకు కాళ్లూ చేతులూ ఆడవు. కొక్కెర తెగులు ఒక కోడితో ఆగేది కాదు, మెడలు తిప్పుకుంటూ దొడ్డి దొడ్డంతా ఊడ్చుకుపోతుంది. ఇవాళ అన్నీ బాగానే ఉన్నాయి. తడిసిన ఊక ఎత్తిపోసి, పొడి ఊక పరిచి, కాస్త సున్నం చల్లాను. వానాకాలంలో గూడు పొడిగా ఉంటే సగం జబ్బులు గుమ్మం దాకా రావు.

నేను మేత చేట తెచ్చేలోపే దొడ్డి చివర పుట్టలోంచి ఉసుళ్లు, అదే రెక్కల చెదపురుగులు, లేచాయి. ఇంక నా నూకలు ఎవరికి కావాలి? పెద్దవి గాల్లోకి ఎగిరి మరీ అందుకుంటున్నాయి. పిల్లల తల్లి మాత్రం ఒక ఉసుల్ని ముక్కుతో పట్టి, నేలకేసి కొట్టి, రెక్కలు రాలగొట్టి, తను మింగకుండా కింద పెట్టి "టుక్ టుక్ టుక్" అని పిలిచింది. పిల్లలన్నీ ఒక్కసారి దాని మీద పడ్డాయి. దక్కిన పిల్ల దాన్ని పట్టుకుని పరుగు, మిగతావన్నీ వెంట! అలా ఎన్నిటిని పట్టిందో, ఒక్కటీ తన గొంతు దిగనివ్వలేదు. నేను వరండా మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. పొయ్యి మీద పాలు అత్తయ్యగారు దించారు.

ఉసుళ్లు లేచేది ఏడాదిలో కొన్ని రోజులే. మిగతా రోజుల్లో చెదపురుగుల కోసం అత్తయ్యగారి పాత పద్ధతి ఉండనే ఉంది. పాత కుండలో ఎండు పేడ, గడ్డి, చిరిగిన గోనెముక్క కూరి, నీళ్లు చిలకరించి, చెద ఉన్నచోట సాయంత్రం బోర్లిస్తే, తెల్లారేసరికి కుండనిండా చెద పడుతుంది. పిల్లల ముందు దులిపితే క్షణంలో ఖాళీ. కోడిపిల్లకి మొదటి ఆరేడు వారాలు మాంసకృత్తులే ప్రాణం. వట్టి నూకలు వేసి పెంచితే పిల్ల బతుకుతుంది గానీ ఎదగదు, ఈకలు సరిగా రావు, చిన్న జబ్బుకే పడిపోతుంది.

ఎనిమిదింటికి అజొల్లా తీశాను, నీళ్ల మీద తేలుతూ పెరిగే నాచులాంటి మొక్క. చింతచెట్టు నీడలో టార్పాలిన్ పరిచిన గుంట మాది. ఈ వానలకి నిండుగా ఉంది. మూడు నీళ్లు మార్చి పేడ వాసన పోయేదాకా కడిగి, తవుడులో కలిపి పెట్టాలి. కడక్కుండా పెడితే కోళ్లు మూతి కూడా పెట్టవు. ఆ తవుడులోనే పుల్లమజ్జిగ, దూసిన మునగాకు. చేనుగట్ల మీద ఏరుకొచ్చిన నత్తలుంటే రాయి మీద చితక్కొట్టి వేస్తాను. పొడిమేతకి జొన్నలు, చోళ్లు, నూకలు, కాస్త రొయ్యపొట్టు. మొక్కజొన్న ఈ నెలల్లో ఎక్కువ కొనను. చెమ్మ తగిలి బూజు పట్టిందంటే అందులో పుట్టే విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. బూజు పట్టిన గింజ చవగ్గా వస్తుంది, కోళ్లకే కదా అని పడేసేవాళ్లున్నారు. తర్వాత కోళ్లు ఎందుకు చస్తున్నాయో తెలీక తాయెత్తులు కట్టిస్తారు.

మావి అసీలు. మా వైపు జాతికోళ్లనే అంటారు. పొడుగు కాళ్లు, గట్టి ఎముక, నెత్తిన చిన్న జుట్టు, తెల్లటి కళ్లు. ఊళ్లో ఈ కోళ్ల మాటంటే పుంజుల మాటే. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, మైల, అబ్రాసు అని రంగుకో పేరు. ఏ వారం ఏ రంగు గెలుస్తుందో లెక్కలు కట్టే శాస్త్రం వేరే. సంక్రాంతి దగ్గరపడేకొద్దీ పుంజుకి బాదంపప్పు, జీడిపప్పు, ఉడికించిన గుడ్డు, మేకమాంసం ఖైమా, చెరువులో ఈత. అదే దొడ్లో పెట్టకి ఏముంటుంది? చేటలో మిగిలిన చెరుగు, రాత్రి అన్నం. ఈ లెక్క నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

పుంజు ఇచ్చేది పిల్లకి సగం రక్తం. అక్కడితో దాని పని సరి. మిగతా సగం రక్తంతో పాటు, గుడ్డులో ఇరవై ఒక్క రోజులు పిల్ల తినే ప్రతి మెతుకూ పెట్ట ఒంట్లోంచి వచ్చినదే. పెట్ట తిననిది సొనలోకి ఎక్కడినుంచి వస్తుంది? పెట్ట మేతలో బీ2 విటమిన్ చాలకపోతే పిల్లలు కొన్ని గుడ్డులోనే చచ్చిపోతాయి, బయటపడినవాటిలో కొన్నిటికి కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. జనం దాన్ని జాతిలోపం అనుకుని పుంజుని మారుస్తారు. మార్చాల్సింది పెట్ట ముందున్న చిప్పలో మేత. నేను మునగాకు, మజ్జిగ అని వెంటపడేది అందుకే. టీకా సంగతీ అంతే. పెట్టకి టీకా పడి ఉంటే కొక్కెర తెగుల్ని ఎదుర్కొనే బలం సొనలోంచి పిల్లకి అంది, పుట్టిన మొదటి రోజుల్లో కాపు కాస్తుంది.

గుడ్డు పెంకు కూడా చూడండి, దాదాపు అంతా సున్నమే. పెంకు కట్టడానికి ఇరవై గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. కాబట్టి ఆలిచిప్పలు సాయంత్రం పెడతాను, మెత్తగా కాకుండా పలుకులుగా దంచి. పలుకు కందనకాయలో మెల్లగా కరుగుతూ రాత్రంతా అందుతుంది. మేతలో మాత్రం కలపను. విడిగా చిప్పలో పెడితే గుడ్లు పెడుతున్న పెట్ట వచ్చి తనకి కావాల్సినంత తింటుంది. చిన్నపిల్లలకి అంత సున్నం పడితే మూత్రపిండాలు పాడవుతాయి. ఏ పెట్ట ఆ చిప్ప దగ్గరికి ఎన్నిసార్లు వెళ్తోందో చూస్తే రేపు ఎవరు గుడ్డు పెడతారో అత్తయ్యగారు ఇట్టే చెప్పేస్తారు.

పదింటికి నల్లపెట్ట లేచింది. వసారా మూల గంపలో పొదుగు మీద ఉన్న పెట్ట ఇది. రోజుకి ఒక్కసారే లేస్తుంది, ఓ పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. లేవగానే ముందు రోజంతా బిగబట్టుకున్న పెద్ద రెట్ట, ఆ కంపు ఇల్లంతా తెలుస్తుంది. తర్వాత నీళ్లు, ఆ తర్వాత గింజలు. పొదుగు పెట్టకి తడిమేత పెట్టను, జొన్నలూ చోళ్లూ గింజలుగానే పెడతాను. తక్కువ తిన్నా ఒంటికి నిలుస్తుంది, రెట్ట గట్టిగా ఉండి గంప పాడవదు. తిన్నాక బూడిదగుంటలో దొర్లి, ఈకలు దులుపుకుని, పరుగున గంపలోకి.

అది లేచిన ఆ కాస్త సమయంలో గుడ్ల మీద చెయ్యి పెట్టి చూశాను. నా చేతికంటే వెచ్చగా ఉన్నాయి. గంపలో ఇసుక, ఊక, పైన వేపాకు వేశాం, పేలు పట్టకుండా. ఒక పక్కన అత్తయ్యగారు ఇనుపమేకు, ఎండుమిరపకాయ, బొగ్గుముక్క పెట్టారు, ఉరుములకి గుడ్లు చెడకుండా. మేకు పెడితే ఉరుము ఆగుతుందా అని నేను అడగను. ఆ గంప దగ్గర ఆవిడ మాటే చెల్లాలి, పిల్లల్ని తేల్చడంలో మా ఊళ్లో ఆవిడకి సాటి లేరు.

ఫారాల్లో గుడ్ల కోసం పెంచే లేయర్ కోడి ఏడాదికి 300 పైగా గుడ్లు పెడుతుంది. మా పెట్ట పది, పన్నెండు పెట్టి పొదుగుకొస్తుంది. మళ్లీ పిల్లలు పెద్దయ్యేదాకా గుడ్డు లేదు. ఏడాదికి మూడు, నాలుగు కాపులు, అంతే. గుడ్లు లెక్కపెట్టుకునే వాళ్లకి పొదుగు అంటే నష్టం, అందుకే ఫారం కోళ్లలో ఆ గుణాన్ని తరతరాలుగా ఏరి తీసేశారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పెరటి పెంపకానికి మంచి కోళ్లే, గుడ్లూ బాగా పెడతాయి. కానీ పొదుగుకి కూర్చోవు. వాటి గుడ్లు పట్టుకుని మా పక్కింటి అక్కయ్య మా పెట్టల కిందికే వస్తుంది! కరెంటు అక్కర్లేకుండా, మనిషి కాపలా లేకుండా, గుడ్డుని తిప్పుతూ, వేడి చూసుకుంటూ, పిల్లని తేల్చి, మేత నేర్పి, గద్దమీదికి ఎగిరే తల్లి ఆ గంపలో కూర్చుని ఉంది. నా మట్టుకు ఈ జాతి గొప్పతనం పుంజు కాళ్లల్లో లేదు, అక్కడుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏలూరు అవతలనుంచి ఒక పెద్దాయన వచ్చారు, ఎవరో చెప్పారట మా కోళ్ల గురించి. మా ఆయన అలవాటు కొద్దీ నెమలిపుంజుని పట్టుకొచ్చి చూపించబోయారు. ఈ కాలంలో వచ్చేవాళ్లంతా దానికోసమే వస్తారు మరి. కత్తి కట్టే పందేలకి మేం ఇవ్వం, వచ్చినవాళ్లకి ముందే చెప్పేస్తాం. జంతుహింస నివారణ చట్టం 1960 నుంచీ ఉంది, 1974 నాటి గేమింగ్ చట్టమూ ఉంది. చట్టం సంగతి అటుంచినా, చేత్తో మేపినదాని కాలికి కత్తి కట్టించడానికి నాకు మనసొప్పదు.

ఆయన పుంజుకేసి చూడను కూడా చూడలేదు. "పుంజు తర్వాతమ్మా. తల్లి ఏది?" అన్నారు.

అంతే, నాకు ఎంత సంతోషం వేసిందో! వసారాలోకి తీసుకెళ్లాను. గంపకి రెండడుగుల దూరంలోనే ఆగిపోయారు. నల్లపెట్ట ఈకలు ఉబ్బించి గుర్రుమంది. "మంచి తల్లి. గుడ్లు తొక్కుతుందా? పరాయి పిల్లల్ని పొడుస్తుందా? గద్ద వస్తే పారిపోతుందా, నిలబడుతుందా?" అని వరసగా అడిగారు. రంగు అడగలేదు. ఆఖర్న "ఏం మేపుతున్నావమ్మా?" అన్నారు. మునగాకు, మజ్జిగ, ఆలిచిప్ప అని నేను చెబుతూ ఉంటే తల ఊపుతూ విన్నారు.

"పెట్టని మాత్రం ఇవ్వలేనండి బాబాయిగారూ" అన్నాను.

"ఇలాంటి పెట్టని ఎవరిస్తారమ్మా? అడగడానికీ రాలేదు. మా ఇంట్లో ఒకటి పొదుగుకొచ్చింది. నాలుగు గుడ్లు ఇప్పించు, చాలు."

ఎర్రపెట్ట గుడ్లు ఇసుకకుండలో దాచి ఉన్నాయి, ఈ వారంలోవే. వారం దాటితే పిల్ల తేలే ఆశ తగ్గుతూ వస్తుంది. ఎర్రపెట్ట నల్లపెట్ట కూతురే. పగులు లేనివి, మరీ కోలగా, మరీ గుండ్రంగా కాకుండా చూసి, లావు వైపు పైకి ఉండేలా బకెట్లో ఊక మధ్య పేర్చి ఇచ్చాను. దారిలో బండి కుదుపులకి కదిలిపోయి ఉంటాయి కాబట్టి ఈ రాత్రికి అలాగే నిలవనిచ్చి రేపు పెట్ట కింద పెట్టమన్నాను. ఆయనకి తెలిసే ఉంటుంది, అయినా "సరేనమ్మా" అని బుద్ధిగా విన్నారు. డబ్బు తీసి ఇవ్వబోతే వద్దని పాలికి ఇచ్చాను. పిల్లలు తేలాక ఒక పెట్టపిల్ల మాకు, అదీ ఇప్పుడే కాదు, వాళ్ల దొడ్లోనే పెరిగి గుడ్డుకొచ్చాక.

"అక్కడే ఎందుకు ఉంచడం? తెచ్చుకుంటే పోయేది కదా" అన్నారు మా ఆయన, ఆ పెద్దాయన వెళ్లాక. రేపు ఏ తెగులో వచ్చి మన దొడ్డి ఖాళీ అయితే? మన పెట్ట కూతుళ్లు ఇంకో ఊళ్లో ఇంకో గూట్లో ఉంటేనే కదా మళ్లీ తెచ్చుకోగలం. ఒకే దొడ్లో ఉన్న జాతికి భరోసా ఏముంది? అత్తయ్యగారు వత్తులు చేసుకుంటూ, "మీ మావయ్యగారు కూడా అంతేనమ్మాయ్, పుంజులు అమ్మి, పెట్టపిల్లల్ని ఊరూరా పాలికిచ్చేవారు" అన్నారు. ఈ మాట ఆవిడ ఇన్నాళ్లూ చెప్పలేదు.

రేపు పిల్లలకి లసోటా చుక్కలు, కొక్కెర తెగులుకి వేసే టీకా. పుట్టి వారం అవుతోంది, ఇంక ఆలస్యం చెయ్యకూడదు. డాక్టరుగారు పొద్దున్నే మందు తెస్తానన్నారు. కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి, అందాకా ఐసులో ఉండాలి, కాబట్టి ఫ్రిజ్‌లో గిన్నెలతో నీళ్లు పెట్టాను. ఎనిమిది వారాలప్పుడు అదే తెగులుకి ఆర్2బీ టీకా సూది ఎలాగూ ఉంటుంది. తల్లిని గంప కింద కమ్మేసి పిల్లల్ని ఒక్కోదాన్నీ అత్తయ్యగారు పట్టి ఇస్తారు, కంట్లో చుక్క నేను వేస్తాను. తల్లి ఆ గంప కింద ఎంత గోల చేస్తుందో మాకు తెలుసు, పక్కింటి వాళ్లకి ఇవాళే చెప్పి ఉంచాను.