పాపది కూడా నైట్ షిఫ్టే

పాప పుట్టినప్పుడు ఆఫీసువాళ్లని బతిమాలుకుని తెనాలిలో అత్తగారింటి నుంచే పని చేశాను. నాది అమెరికా వేళల ఉద్యోగం, సాయంత్రం లాగిన్ అయితే తెల్లవారుజామున కుర్చీలోంచి లేవడం. పాపదీ అదే వరస. పగలంతా అరికాలు గిల్లినా లేచేది కాదు, రాత్రి పన్నెండు దాటితే కళ్లు ఇంతింత చేసుకుని ఫ్యాను వంక చూసేది. "అంతా తండ్రి పోలికే బాబూ" అని తేల్చేశారు అత్తయ్య.

పిల్లల డాక్టరుగారు మాత్రం నాకా ఘనత దక్కనివ్వలేదు. కడుపులో ఉన్నంతకాలం తల్లి ఒంట్లోని మెలటోనిన్, అంటే రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోను, మాయ ద్వారా బిడ్డకి అందుతుంది. బొడ్డు కోశాక ఆ సరఫరా ఆగిపోతుంది. రాత్రిపూట అది బిడ్డ ఒంట్లో సొంతంగా తయారవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా రోజుకి 14 నుంచి 17 గంటలు పడుకుంటారు కానీ, ఆకలేసినప్పుడల్లా లేస్తూ ముక్కలు ముక్కలుగా. రాత్రి తల్లిపాలలో కాస్త మెలటోనిన్ ఉంటుంది, అదొక్కటే ఆసరా.

పేచీ వచ్చింది గది దగ్గర. బాలింతకి గాలి తగలకూడదని అత్తయ్య కిటికీలు మూయించి, పైన దుప్పటి కట్టించారు. పట్టపగలు చీకటి. రాత్రేమో ట్యూబ్‌లైటు, చూడ్డానికొచ్చిన చుట్టాల కబుర్లు. మెదడులోని గడియారం టైము సరిచేసుకునేది కంట్లో పడే వెలుతురుని బట్టే, మరి ఆ పిల్లకి ఏది పగలో ఎలా తెలుస్తుంది? చివరికి రాజీ కుదిరింది. పొద్దున స్నానం, సాంబ్రాణి అయ్యాక హాల్లో వెలుతురులో పడక. రాత్రి జీరో బల్బు, పాలిచ్చేటప్పుడు ముద్దుమాటలు బంద్.

ల్యాప్‌టాప్ పక్కనే ఉయ్యాల కాబట్టి నిద్రపోయే పిల్లని తెగ చూశాను. రెప్పల కింద కళ్లు కదులుతాయి, పెదవి అదురుతుంది, మూలుగుతుంది, ఉన్నట్టుండి నవ్వుతుంది. దేవుడు నవ్విస్తున్నాడంటారు అత్తయ్య. పుట్టిన కొత్తలో నిద్రలో దాదాపు సగం ఇలాంటిదే. 1953లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు పెద్దవాళ్లలో ఈ కళ్లు కదిలే నిద్ర గురించి రాశారు. అంతకుముందు అసెరిన్‌స్కీ గమనిస్తూ కూర్చున్నది పసిపిల్లల కళ్లనే! ఆ మూలుగు వినగానే ఎత్తుకున్నామా, హాయిగా పడుకున్న పిల్లని మనమే లేపినట్టు. ఒక్క నిమిషం ఆగితే చాలాసార్లు అదే సర్దుకునేది.

మూడో నెల దాటాక తొమ్మిదింటికి పడుకుంటే రెండింటిదాకా కదలడం లేదు. మెలటోనిన్ గురించి అత్తయ్యకి మళ్లీ చెప్పబోయాను. ఆవిడ లెక్కలో పని చేసింది ఎండుమిరపకాయల దిష్టి.