కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు బైనాక్యులర్ కొనేముందు

నిన్న రాత్రి విశాఖపట్నం నుంచి బైనాక్యులర్ తెచ్చుకున్నాను. కళ్లద్దాలు తీయకుండానే అంచు నుంచి అంచు దాకా నిండుగా చూపించే బైనాక్యులర్. దాన్ని సంపాదించడానికి పడిన అవస్థ, తిన్న మాటలు ఇంకా మనసులో పచ్చిగానే ఉన్నాయి. చల్లారిపోకముందే రాసేస్తున్నాను. ముక్కు మీద కళ్లద్దాలుండి పిట్టల్ని చూడాలన్న ఆశ ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

మాది బరంపురం. ఇక్కడి నుంచి ఉత్తరంగా వెళితే రంభ, అక్కడే చిలికా సరస్సు దక్షిణపు కొస. దక్షిణంగా వెళితే ఇచ్ఛాపురం, దాని పక్కనే తేలుకుంచి. వానలు మొదలయ్యాక తేలుకుంచి చెట్ల మీదికి నత్తగుల్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. ఊరివాళ్లు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. చలికాలంలో చిలికాకు సూదితోక బాతులు, పట్టెతల బాతులు, రాజహంసలు వస్తాయి. ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాకు మన దేశం నుంచి ఎక్కిన మొదటి రెండు చోట్లలో చిలికా ఒకటి, 1981లో. భెట్నోయి పొలాల్లో కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. ఇంత సంపద చుట్టూ ఉండగా, ఫోనులో చుక్కల్లాంటి ఫొటోలు తీసుకుని తిరిగి రావడం ఇక చాలనిపించింది.

అంకెల సంగతి నాకు పెద్ద కష్టం కాలేదు. బడిలో లెక్కలు చెప్పేదాన్ని, మా ఇంట్లో కరెంటు బిల్లు నుంచి పెళ్లి ఖర్చుల దాకా లెక్క నా చేతి మీదుగానే పోతుంది. 8×42 అని ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందున్న అద్దం అడ్డుకొలత 42 మిల్లీమీటర్లని అర్థం. 80 మీటర్ల దూరంలోని పిట్ట 10 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండో అంకెను మొదటి దానితో భాగిస్తే 5.25 వస్తుంది. కంటివైపు అద్దం నుంచి బయటికొచ్చే వెలుగు వలయం వెడల్పు అది, మిల్లీమీటర్లలో. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. పట్టపగలు మన కంటిపాప రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మసక వెలుతురులో ఇంకా విప్పారుతుంది. అందుకే జేబులో పట్టే 10×25 మధ్యాహ్నం బాగానే ఉంటుంది కానీ సాయంత్రం ఆరింటికి చీకటిగా కనిపిస్తుంది. 25ను 10తో భాగిస్తే రెండున్నరే కదా. పిట్టలు చురుగ్గా తిరిగేది పొద్దున్నే, సాయంత్రమే.

ఎనిమిదా, పదా అని ఎక్కువ ఆలోచించలేదు. రంభలో చూడాల్సింది పడవలోంచి. ఇంజను వణుకు, అలల ఊపు, పైగా మన చేతి వణుకు. పది రెట్లు పెంచే అద్దం వీటన్నిటినీ పది రెట్లు పెంచుతుంది. కనిపించే మేర కూడా ఎనిమిదిలోనే ఎక్కువ. ఆ మేరను డిగ్రీల్లో రాస్తే 17.5తో గుణించండి, కిలోమీటరు దూరంలో ఎన్ని మీటర్ల వెడల్పు కనిపిస్తుందో తెలుస్తుంది. 7 డిగ్రీలంటే దాదాపు 122 మీటర్లు. ఎగిరే బాతుల గుంపును పట్టుకోవడానికి ఈ వెడల్పే ఆధారం. కనుక 8×42 అని ఇంట్లోనే తేల్చుకుని బయలుదేరాను.

తిరునాళ్లలో, కొన్ని అంగళ్లలో 30×60, 90×90 అని అచ్చు వేసిన డబ్బాలు అమ్ముతారు. అవి మోసం. ఒకదాని ముందు అద్దానికి స్కేలు పెట్టి కొలిచాను, 60 అని రాసిన చోట మూడు సెంటీమీటర్లు కూడా లేదు. పిల్లల చేతికి అలాంటివి కొనిచ్చి, ఆకాశమంటే మసకగా ఉంటుందని వాళ్లను నమ్మించడం పాపం.

ఇక అసలు సంగతి.

బరంపురంలోనే, కెమెరాలతో పాటు బైనాక్యులర్లు కూడా అమ్మే ఒక అంగడికి వెళ్లాను. సాయంత్రం వేళ, జనం ఉన్నారు. ఒక 8×42 తీసి చేతికిచ్చారు. కళ్లకు పెట్టుకుని రోడ్డుకు అవతలి మందుల షాపు బోర్డు చూశాను. నడిమధ్యన చిన్న గుండ్రని వెలుగు, చుట్టూ నల్లటి అంచు. తల కాస్త కదిపితే ఆ గుండ్రం కూడా మాయమై నల్లని నీడలు అడ్డొస్తున్నాయి. అదే మాట చెప్పాను.

"కళ్లద్దాలు తీసి చూడండమ్మా. ఈ చక్రం తిప్పితే మీ పవర్ ఇందులోనే సర్దుకుంటుంది" అన్నాడు యజమాని.

తీసి చూశాను. ఈసారి వలయం నిండుగా ఉంది కానీ బోర్డు మీద ప్రతి అక్షరానికీ పక్కన ఒక నీడ. చక్రం ఇటు తిప్పితే ఆ నీడ నిలువుగా, అటు తిప్పితే అడ్డంగా సాగింది తప్ప పోలేదు. చెప్పాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని, ఒక్కసారి చూసి, అంగడంతటికీ వినపడేలా అన్నాడు: "నాకు బ్రహ్మాండంగా కనిపిస్తోంది. లోపం వస్తువులో లేదమ్మా, మీ కళ్లలో ఉంది. శుక్లాలు మొదలై ఉంటాయి. ముందు డాక్టరుకు చూపించుకుని తరవాత రండి."

పక్కన నిలబడిన ఇద్దరు కుర్రాళ్లు నవ్వారు. మా బడి పిల్లవాడి తండ్రి ఒకాయన అక్కడే ఫొటోల కోసం వచ్చి ఉన్నాడు. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ తల తిప్పుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. యజమాని అంతటితో ఆగలేదు. 10 నుంచి 30 రెట్ల దాకా మారే జూమ్ బైనాక్యులర్ ఒకటి తీసి, "మీలాంటి వాళ్లకు ఇదైతే పెద్దగా కనిపిస్తుంది" అన్నాడు. అందులో ఇంకా ఇరుకు, ఇంకా చీకటి. "ఐ రిలీఫ్, అంటే కంటికీ అద్దానికీ మధ్య ఉండాల్సిన ఎడం, ఎంత?" అని అడిగాను. "అదేమీ ఉండదమ్మా, అవన్నీ కంపెనీవాళ్లు చూసుకుంటారు" అని ఆ డబ్బా లోపల పెట్టేశాడు.

నా కళ్లకు అంతకు ముందే పరీక్ష జరిగింది. కళ్లద్దాలతో 6/6. శుక్లాల జాడ లేదు. నాకున్నది సిలిండర్ పవర్, అందులోనూ కాస్త ఎక్కువ. ఇక్కడే అసలు విషయం ఉంది, శ్రద్ధగా చదవండి. హ్రస్వదృష్టి కానీ దీర్ఘదృష్టి కానీ మాత్రమే ఉన్నవాళ్లు కళ్లద్దాలు తీసేసి చక్రం తిప్పుకుంటే సరిపోతుంది. సిలిండర్ ఉన్నవాళ్లకు కంటి వంపు ఒక దిక్కున ఒకలా, మరో దిక్కున ఇంకోలా ఉంటుంది. చక్రం అన్ని దిక్కులనూ ఒకేలా మారుస్తుంది కనుక ఆ తేడాను సరిచేయలేదు. అందుకే నాకు అక్షరాల నీడ తిరుగుతూనే ఉంది, పోలేదు. నాలాంటి వాళ్లు కళ్లద్దాలతోనే చూడాలి. కళ్లద్దాలతో చూడాలంటే కంటివైపు అద్దానికీ కంటికీ మధ్య ఎడం కావాలి. ఆ ఎడమే ఐ రిలీఫ్. కళ్లద్దం మన కంటికి పన్నెండు నుంచి పద్నాలుగు మిల్లీమీటర్ల ముందు కూర్చుంటుంది, పైన దాని మందం. కాబట్టి కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి, 17 పైబడితే హాయి. అంతకన్నా తక్కువైతే నేను చూసిన ఆ నల్ల అంచే ఎవరికైనా కనిపిస్తుంది.

ఇంత ముఖ్యమైన కొలతను డబ్బా మీద ఎక్కడ వేస్తారు? అడుగున, చీమ తల సైజు అక్షరాల్లో, చాలాసార్లు అసలే వేయరు. 8×42 అని మాత్రం అరచేతి వెడల్పున బంగారు రంగులో వేస్తారు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఈ దేశంలో ఏమైనా తక్కువగా ఉన్నారా? వాళ్ల డబ్బు డబ్బు కాదా? అమ్మేవాడికి వస్తువు గురించి తెలియకపోవడం ఒక తప్పు. తెలియదని ఒప్పుకోకుండా కొనేవాళ్ల శరీరంలో లోపం వెతకడం అంతకన్నా పెద్ద తప్పు. నలుగురి ముందు ఆడమనిషి వయసును, కళ్లను ఎత్తిచూపితే నోరు మూసుకుని వెళ్లిపోతుందనుకునే అంగళ్లకు నేను మళ్లీ గుమ్మం తొక్కను. మీరూ తొక్కకండి.

ఆ వారమే మా బడిలో సైన్సు చెప్పే సహోద్యోగిని తన పాత 8×42 బైనాక్యులర్ నాకు అరువిచ్చింది. కళ్లద్దాలతోనే నిండుగా కనిపించింది! అప్పుడు దీన్ని కొలిచి తేల్చాలనిపించింది. రాత్రి భోజనాల బల్ల మీద పడుకోబెట్టి, ముందు అద్దం మీద పల్చటి తెల్ల కాగితం అంటించి, ఆ కాగితం మీద టార్చి వేశాను. గదిలో దీపాలు ఆర్పి, కంటివైపు ఒక గ్రాఫు కాగితాన్ని నిలబెట్టి ముందుకీ వెనక్కీ జరిపాను. కాగితం మీద చిన్న తెల్లని చుక్క పడింది. మరీ దగ్గరగా ఉన్నప్పుడు అంచు చెదిరి ఉంది. జరుపుతూ పోతే ఒక చోట అంచు కత్తిరించినట్టు తేటగా నిలిచింది. ఇంకా జరిపితే మళ్లీ చెదిరింది. ఆ తేట పడ్డ చోట మన కన్ను ఉండాలి. కంటివైపు అద్దం చుట్టూ ఉండే రబ్బరు కప్పును పూర్తిగా కిందికి దించి, దాని అంచు నుంచి కాగితం దాకా స్కేలు పెట్టాను. పదహారు మిల్లీమీటర్లు. చుక్క వెడల్పు గ్రాఫు గళ్లలో అయిదుకు కాస్త పైన. 42ను 8తో భాగిస్తే రావాల్సింది అదే.

ఈ కొలతలో ఒక మెలిక ఉంది. కంపెనీలు మామూలుగా ఐ రిలీఫ్‌ను అద్దం ఉపరితలం నుంచి లెక్కవేస్తాయి. అద్దం మాత్రం కప్పు అంచు కన్నా కాస్త లోపలికి ఉంటుంది. డబ్బా మీద 17 అని ఉన్నా మన కళ్లద్దానికి దొరికేది 14 కావచ్చు. కాబట్టి అచ్చు వేసిన అంకెను నమ్మి ఇంట్లో కూర్చుని తెప్పించుకోకండి, చేత్తో పట్టుకుని చూసే వీలున్న చోటే కొనండి.

సెలవు రోజు పొద్దున్నే రైలెక్కి విశాఖపట్నం వెళ్లాను. సంచిలో టార్చి, గ్రాఫు కాగితం, స్టీలు స్కేలు. అక్కడి అంగడిలో కుర్రాడు "కొలుచుకోండి మేడమ్" అని కౌంటరు పైన ట్యూబులైటు ఆర్పాడు. వరసగా పెట్టి కొలిచాను. డబ్బా మీద పెద్ద అంకె ఉన్న ఒకటి కప్పు అంచు నుంచి పదకొండే ఇచ్చింది, దానికన్నా ధర తక్కువున్న ఇంకొకటి పదహారు ఇచ్చింది. ఆ రెండోదాన్ని కళ్లద్దాలతో పెట్టుకుని వీధి చివరి కొబ్బరిచెట్టు చూశాను. మట్టల సందుల్లో కాకి ఈకలు ముక్కుతో దువ్వుకోవడం కూడా తెలిసింది. నావి ప్రోగ్రెసివ్ అద్దాలు. కింది భాగం చదవడానికి కాబట్టి పైభాగంలోంచి చూడాలి, గడ్డం కొంచెం దించితే చాలు.

మిగతా పరీక్షలు త్వరగా అయిపోయాయి. చేయి చాచి పట్టుకుని కంటివైపు వెలుగు చుక్కల్ని చూడండి. గుండ్రంగా ఉంటే మంచిది, అంచులు నలుపలకలుగా నీడ కట్టి ఉంటే లోపలి పట్టకం నాసి రకం గాజుది, సాధారణంగా బీకే7. బీఏకే4 అనే మేలు రకం గాజైతే గుండ్రంగా ఉంటుంది. గొట్టాలు తిన్నగా ఉండే రూఫ్ రకం కొంటుంటే పట్టకానికి ఫేజ్ కోటింగ్ అనే పూత ఉందా అని అడగండి, లేకపోతే బొమ్మ కాస్త మొద్దుబారుతుంది. అద్దాల పూత ఫుల్లీ మల్టీ కోటెడ్, అంటే అన్ని అద్దాలకూ పలు పొరల పూత, అయి ఉండాలి. కళ్లు చెదిరే ఎర్ర పూత చూసి మోసపోకండి, అది ఎర్రని వెలుగును వెనక్కి తిప్పికొట్టి రంగుల్ని పాడు చేస్తుంది. కాసేపు చూశాక కళ్లు లాగుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా రెండు గొట్టాల గురి కలవలేదన్నమాట, వద్దనండి.

కొన్నాక ముందు సర్దుకోవాలి. కుడి గొట్టం మూసి, నడిమి చక్రంతో ఎడమ కంటికి తేటగా తెచ్చుకోండి. తరవాత ఎడమది మూసి, చక్రం ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరి డయాప్టర్ రింగు తిప్పి అదే వస్తువును తేటగా తెచ్చుకోండి. ఇక ఎప్పుడూ నడిమి చక్రం ఒక్కటే తిప్పితే చాలు. ఈ సర్దుబాటు చేయకుండా "నాకు తలనొప్పి వస్తోంది" అని బైనాక్యులర్‌ను అటక మీద పారేసినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఒక మాట మధ్యలో చెప్పాలి. బైనాక్యులర్ చేతికొచ్చింది కదా అని రాత్రిపూట టార్చితో రుషికుల్య నది మొగకు తాబేళ్లను చూడటానికి పోకండి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు వైపే నడుస్తాయి, మీ టార్చి వెంట పడి సముద్రం దారి తప్పుతాయి. రంభలోనూ పడవవాడిని "ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి" అని తొందరపెట్టకండి. దూరం నుంచి చూడటానికే కదా ఇంత డబ్బు పోసింది.

మా వైపు ఉప్పు గాలి, తడి రెండూ ఎక్కువ. అందుకే లోపల నత్రజని నింపిన, నీళ్లు చొరని రకమే తీసుకున్నాను. దాని లోపలి అద్దాల మీద ఆవిరి పట్టదు. పడవలో తుంపర పడితే చీర కొంగుతో తుడవకండి, ఉప్పు, ఇసుక రేణువులు పూతను గీకేస్తాయి. ముందు మంచినీళ్లతో తడిపి ఉప్పును కరిగించి, ఆరాక కళ్లద్దాలు తుడిచే మెత్తని గుడ్డ వాడండి. వాడనప్పుడు తోలు సంచిలో పెట్టి బీరువాలో మూయకండి, వానకాలంలో అద్దాల మీద బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, ఆ పొట్లాలను మధ్య మధ్య మారుస్తుండండి.