బోరు ఎండిన చేలో మల్బరీ చెట్లు

మడకశిర దగ్గర మాకున్న ఎర్రనేలలో ఎకరం విస్తీర్ణంలో 2016లో పట్టుపురుగుల మేత కోసం వి-1 రకం మల్బరీని జంట సాళ్ళ పద్ధతిలో పొదలుగా నాటించాను. బోరు నీళ్ళిచ్చినంత కాలం ఆకుకు కొరత రాలేదు. రెండేళ్ళపాటు పట్టుగూళ్ళను హిందూపురం మార్కెట్టుకు తీసుకువెళ్ళాను. మూడో వేసవిలో బోరు ఎండిపోవడంతో సగానికి పైగా మొక్కలు చచ్చిపోయాయి. వాటిని పెకలించినప్పుడు వేళ్ళు చాలావరకు పైమట్టిలోనే, డ్రిప్ పైపు తడిపినంత మేరకే అల్లుకుని ఉండడం చూశాను. లోతుకు దిగవలసిన అవసరం వాటికి నేనే లేకుండా చేశానని అప్పుడు అర్థమైంది.

ఆ తరువాత మల్బరీని చెట్లుగా పెంచాలని నిశ్చయించుకుని, మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన శిక్షణ సంస్థ వర్షాధార ఎర్రనేలల కోసం రూపొందించిన ఎస్-13 రకాన్ని ఎంచుకున్నాను. పది అడుగులకొకటి చొప్పున ఎకరానికి సుమారు 435 గుంతలు వచ్చాయి. మూడేసి అడుగుల లోతున ఆ గుంతలు తవ్వించడమే అన్నిటికంటే ఖర్చుతో కూడిన పని. అయినా ఇందులో పొదుపు చేయకూడదని నా గట్టి అభిప్రాయం. చెరువు మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపి, ఎనిమిది నెలల నారును జూలైలో తొలి మంచి పదును చూసి నాటాము.

మొదటి వేసవిలో పది రోజులకొకసారి మొక్కకు రెండు బిందెల నీళ్ళు మోసి పోశాము. పాదుల్లో వేరుశనగ పొట్టు మందంగా పరిచినందువల్ల ఆ తడి నిలిచింది. కాండం నాలుగున్నర అడుగులు ఎదిగేదాకా పక్క చిగుళ్ళన్నిటినీ గిల్లివేసి, ఆపైన తల కత్తిరించి, నలుదిక్కులకూ నాలుగు కొమ్మలు మాత్రమే ఉంచాను. ఆకు కోయాలన్న ఆశను ఏడాదికి పైగా అణచుకోవడం కష్టమే అయింది.

మూడో ఏడు వానల తరువాత 50 గుడ్ల (ఇక్కడ ఒక గుడ్డంటే ఒక తల్లి పురుగు పెట్టిన గుడ్ల గుంపు) చాకీ పురుగులను, అంటే తొలి దశలు దాటించిన లేత పట్టుపురుగులను, తెచ్చి మేపాము. పొదల తోటతో పోలిస్తే ఆకు దిగుబడి తక్కువే కనుక ఏడాదికి రెండు పంటలకు మించి పెట్టడం లేదు. మండు వేసవిలో వాడిన ఆకు పురుగు సరిగా తినదు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో చెట్లను ముట్టుకోము. మొన్నటి వేసవిలో బోరు లేకుండానే, పదకొండు చెట్లు తప్ప మిగిలినవన్నీ చిగురించాయి.