గువ్వలచెరువు ఘాట్ మలుపుల కోసం బండి షాకులను సరిచేసుకున్న క్రమం

జనవరి 5: కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు, ఎడమ మలుపుల్లో నా 150 సీసీ బండి రోడ్డు మధ్య గీత వైపు జరిగిపోతోంది. ఎదురుగా బరువు లారీలు దిగే దారిలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే లోపం కనుక, వేగం సంగతి పక్కన పెట్టి ముందు దీనినే సరిచేయదలచుకున్నాను. టైర్లు చల్లగా ఉన్న తెల్లవారుజామునే గాలి చూశాను. అది సరిగానే ఉంది.

జనవరి 12: సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం గాలిలో వేలాడుతుండగా ఇరుసు నుంచి సీటు కింద అంటించిన టేపు గుర్తు వరకు కొలిచాను. తరువాత హెల్మెట్, బూట్లతో సహా నేను బండి మీద కూర్చోగా మా తమ్ముడు అదే దూరాన్ని మళ్లీ కొలిచాడు. తేడా 44 మిల్లీమీటర్లు వచ్చింది. చక్రం మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు దిగితే చాలునన్నది సాధారణ లెక్క; నా బండికి అది 33 దగ్గర ఉండాలి. వెనక భాగం అంతకు మించి కుంగితే ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టపు కాళ్లు) మరింత వాలిపోయి, ముందు చక్రం మీద బరువు తగ్గి, బండి మలుపు వెలుపలికి పోతుంది. సి స్పానరుతో (సి ఆకారపు పనిముట్టుతో) రెండు వెనక షాకుల స్ప్రింగు బిగుతునూ మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకు తిప్పితే కొలత 34కు వచ్చింది.

జనవరి 19: ఫోర్కు ఆయిల్ మార్పించాను. పాతది నల్లబడి ఉండడమే కాక, ఫోర్కు ఒక కాలులో తక్కువగా ఉంది.

జనవరి 26: బండి మారినా నా కుడి చేయి మారలేదని ఈ రోజు తెలిసింది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తున్నాను. అప్పుడు బరువంతా ముందుకు పడి ఫోర్కు కుంగుతుంది, కుదిర్చిన అమరిక చెదిరిపోతుంది. అందుచేత బ్రేకు, గేరు పని మలుపుకు ముందే ముగించి, చూపును మలుపు చివర నిలిపి, ఎడమకు వాలవలసినప్పుడు ఎడమ హ్యాండిలును మెల్లగా ముందుకు నెట్టి, బయటపడేదాకా యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టుకున్నాను. ఆరు ఎడమ మలుపుల్లో ఐదింటిలో బండి నా వరుస మధ్యలోనే నిలిచింది. తప్పిన ఆ ఒక్కదానిలో నా చూపు ఎదురుగా వస్తున్న లారీ మీదే ఉండిపోయింది.

వచ్చే వారం మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని నాలుగో మెట్టులో మళ్లీ కొలవాలి.