ఫుల్ ట్యాంకు కొట్టించి పెట్టాను రా!

బండి ఎక్కువ రోజులు ఆపాలంటే ట్యాంకు నిండా పెట్రోలు ఉండాలని మా నాన్నగారి నమ్మకం. ఖాళీ ఉంటే లోపల చెమ్మ పడుతుందంటారు. 2023 జూన్‌లో మోకాలి ఆపరేషన్ కోసం అమ్మతో కలిసి హైదరాబాద్ మా ఇంటికి బయల్దేరే ముందు రోజు కూడా, కాకినాడలో తన ఐ10కి ఫుల్ కొట్టించి, కవరు కప్పి, తాళాలు మేడ మీద వాళ్ళకి ఇచ్చి వచ్చారు. రెండు నెలల్లో తిరిగి వెళ్ళిపోదామని. ఒక మోకాలు అయ్యాక రెండోది, దాని తర్వాత ఫిజియోథెరపీ, ఆ తర్వాత మనవరాలి మీద బెంగ. కారు మాత్రం రెండేళ్ళ నాలుగు నెలలు అక్కడే ఉండిపోయింది.

మొన్న దసరా వెళ్ళాక, "ఇంక మా ఇంటికి మేం పోతాం, నువ్వు ముందెళ్ళి కారు స్టార్ట్ చేసి ఉంచు" అన్నారు. దానికేముంది, బ్యాటరీ పోయుంటుంది, అంతే కదా అనుకున్నాను. రామారావుపేట ఇంటికి వెళ్ళి కవరు తీస్తే నాలుగు టైర్లూ గాలి దిగి నేలకి అతుక్కుని ఉన్నాయి. బ్యాటరీ అనుకున్నట్టే చచ్చిపోయింది. టైర్లకి గాలి కొట్టాం. మేడ మీద వాళ్ళబ్బాయి తన కారు పక్కన పెట్టి జంపర్ కేబుళ్ళు తగిలించాడు. మూడోసారికి ఇంజిన్ అందుకుంది! నాన్నకి వీడియో కాల్‌లో చూపిద్దామని ఫోన్ తీసేలోపే దగ్గింది, వణికింది, మీటర్లో ఇంజిన్ లైటు వెలిగింది, ఆగిపోయింది.

అక్కడితో నేనూ ఆగి ఉంటే సగం ఖర్చుతో బయటపడేవాణ్ణి. పౌరుషానికి పోయి ఇంకో పది పన్నెండు సార్లు తాళం తిప్పాను. చివర్లో వెనక సీటు కింద నుంచి గీ... మని సన్నటి మూలుగు వినిపించింది. అది ఫ్యూయల్ పంపు ఏడుపని అప్పటికి నాకు తెలీదు.

మర్నాడు పొద్దున్న మేస్త్రీ గారు వచ్చారు. నాన్నగారి బండి మొదటి నుంచీ చూసేది ఆయనే. బానెట్ ఎత్తుతారనుకుంటే నేరుగా పెట్రోలు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"స్టార్ట్ చేసేసేరా బాబూ?"

"ఒకసారి అయిందండి, ఆగిపోయింది."

"ఎన్నిసార్లు కొట్టేరు?"

చెప్పాను.

"ఆయ్, ఇంకేముందండి. అడుగునున్న కష్మలమంతా మీరే పైకి లాగేసేరు."

నన్నూ వాసన చూడమన్నారు. కొత్త పెట్రోలు ముక్కుకి చురుక్కుమని తగులుతుంది కదా, ఇందులో ఆ చురుకు లేదు. ఏదో పులిసినట్టు, ఏళ్ళ తరబడి మూలన పడున్న వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఉంది. అమ్మ వంటింట్లోంచి ఖాళీ హార్లిక్స్ సీసా తెమ్మని, సన్నటి గొట్టం ట్యాంకు అడుగుదాకా దింపి, చేతి పంపుతో సీసాడు తోడి పిట్టగోడ మీద పెట్టారు. "కదపకండి" అని టీకి వెళ్ళిపోయారు.

అరగంట పోయాక చూస్తే సీసాలో రెండు పొరలు. పైన పల్చటి డికాక్షన్ రంగులో పెట్రోలు. కింద రెండు వేళ్ళ మందాన, బియ్యం కడిగిన నీళ్ళలా మసగ్గా ఇంకేదో. రెండింటికీ మధ్య గీత గీసినట్టు హద్దు. సీసా కొంచెం వంచితే ఆ హద్దు కూడా వంగుతోంది.

కింద ఉన్నది నీళ్ళూ, ఇథనాల్ అనే ఆల్కహాలూ. 2022 నాటికే మన బంకుల్లో పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ కలుస్తోంది. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం కలిపినది కూడా రావడం మొదలైంది. వానాకాలంలో ఉప్పు డబ్బాకి మూత పెట్టడం మర్చిపోతే ఏమవుతుందో ఇథనాల్‌కీ అదే అవుతుంది, గాల్లో చెమ్మని లాగేసుకుంటుంది. వాడుతున్న బండిలో అది నెలలోపే కాలిపోతుంది కాబట్టి ఏ గొడవా లేదు. సముద్రం పక్కన ఊళ్ళో మూడు వానాకాలాలు కదలకుండా కూర్చుంటే, పట్టగలిగినంత నీరు పట్టాక ఇంక పెట్రోల్లో కలిసి ఉండలేక, ఆ నీటితో పాటు విడిపోయి అడుక్కి దిగుతుంది. పంపు లాగేది అడుగు నుంచే. అంటే ఇంజిన్‌కి అందేది ముందు ఈ కడుగు నీళ్ళే.

పోనీ పైనున్న పెట్రోలైనా బాగుందా అంటే అదీ లేదు. ఆక్టేన్‌ని, అంటే ఇంజిన్ కొట్టుకోకుండా పెట్రోలు కాలే గుణాన్ని, పెంచే ఇథనాల్ కిందకి పోయింది. తేలిగ్గా ఆవిరై ఇంజిన్ అందుకునేలా చేసే భాగం కొంత ఎగిరిపోయింది. మిగిలింది గాలి తగిలి జిగురు కట్టడం మొదలెట్టింది. ఫుల్ ట్యాంకు సంగతి అడిగితే మేస్త్రీ గారు నవ్వారు. "నాన్నగారు చెప్పింది అబద్ధం కాదండి. ఖాళీ లేకపోతే చెమ్మ తక్కువే పడుతుంది. కాకపోతే అది రెండు మూడు నెలల లెక్క. రెండేళ్ళంటే పారబోయాల్సింది ఎక్కువవ్వడం తప్ప లాభం లేదు."

ఇక తోడడం. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశారు. కారుని షెడ్డులోంచి బయటికి, వేపచెట్టు కిందికి తోయించారు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, మూసున్న చోట నేల మీదే పరుచుకుని ఉంటుందట. ఎదురింటాయన బీడీ కాలుస్తూ ఏంటా అని చూడ్డానికొస్తే గేటు బయటే ఆపేశారు. వెనక సీటు ఎత్తితే కింద రేకు మూత, దాని కింద పంపు. పంపు పైకి తీస్తే దాని చివర జల్లెడ తెల్లగా ఉండాల్సింది, నల్లగా బంకగా ఉంది. వేలితో ముట్టుకుంటే అచ్చం పనస జిగురే. ఆ వేలు సబ్బుకి లొంగలేదు, కిరసనాయిలుకీ లొంగలేదు, రెండ్రోజులు అన్నం ఎడంచేత్తో స్పూను పెట్టుకుని తిన్నాను.

మధ్యలో ఒక సంగతి. చేతి పంపు కాస్త ఇబ్బంది పెడితే, హెల్పర్ కుర్రాడు గొట్టం నోట్లో పెట్టుకుని లాగబోయాడు. మేస్త్రీ గారు వీపు మీద ఒక్కటిచ్చారు. మా చిన్నప్పుడు స్కూటర్లలోంచి అందరూ అలాగే లాగేవాళ్ళు, నేనూ లాగాను. మింగితే వాంతులతో పోతుందిలే అనుకునేవాళ్ళం. అసలు ప్రమాదం కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి పోయినా ఉందని, ఆ వాంతులే దానికి దారి అని తర్వాత తెలుసుకుని కాసేపు నోరు తడారింది.

మొత్తం 29 లీటర్లు వచ్చింది. దాన్నేం చేయాలి? అడుగున ఉన్న మడ్డి వరకు కాలవలో పోసేద్దామా అన్నాను, సిగ్గులేకుండా. "మన కాలవలు ఉప్పుటేరులోకి పోతాయండి. అక్కడ చేపలు పట్టుకునేవాళ్ళున్నారు" అన్నారాయన. దాన్ని వేరే డబ్బాలో పట్టి, షెడ్డుకి పాత ఇంజిన్ ఆయిల్ కొనడానికొచ్చే మనిషికి ఇస్తానని తీసుకెళ్ళారు. పైనున్న పెట్రోలు స్పేర్ పార్ట్లు కడగడానికి ఉంచుకున్నారు. మేడ మీద అబ్బాయి తన బైకులో కొంచెం పోసుకుంటానన్నాడు కానీ, ఆ హార్లిక్స్ సీసా చూపించాక మళ్ళీ అడగలేదు.

పంపు కొత్తది వేయాల్సొచ్చింది, ఫిల్టరు దానితో పాటే వచ్చింది. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు విప్పి క్లీనింగుకి పంపారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఎలక కాపురం: కొబ్బరి పీచు, నాన్నగారి శోభకృత్ నామ సంవత్సర పంచాంగం ముక్కలు. ఒక ముక్క మీద వృషభరాశికి వాహన సౌఖ్యం అని ఉంది. నాది వృషభరాశే.

ఆయిల్ పుల్ల తీసి వాసన చూస్తే అందులోనూ పెట్రోలే. అంతలా తాళం తిప్పితే కాలని పెట్రోలు ఇంజిన్ సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్లో కలుస్తుందట. దాంతో ఆయిలూ మార్చాం. ఇన్సూరెన్సు తీసుకోవడం, పొల్యూషన్ సర్టిఫికెట్ ఇవన్నీ చిన్న తలనొప్పులే, రెండ్రోజుల్లో తేలిపోయాయి. బిల్లు: పంపు 4,800, ఇంజెక్టర్ల క్లీనింగు 1,600, ప్లగ్గులు 600, ఆయిలూ ఫిల్టర్లూ 2,200, బ్యాటరీ 3,900, కూలి 2,500. అక్షరాలా 15,600 రూపాయలు. ఇందులో పంపూ ఇంజెక్టర్లూ పూర్తిగా నా పౌరుషం ఖాతాలోవి.

కొత్త పెట్రోలు ఐదు లీటర్లే పోయించారు. దాన్ని తిరిగి తిరిగి కాల్చేశాక ఇంకో పది. తాళం ఒక్కసారిగా తిప్పనివ్వలేదు. ముందు లైట్లు వెలిగేదాకా తిప్పడం, వెనక పంపు రెండు సెకన్లు గుర్రుమనడం, మళ్ళీ ఆపడం. ఇలా నాలుగుసార్లు చేశాం, గొట్టాల్లోకి పెట్రోలు నిండాలని. ఐదోసారి స్టార్ట్ చేయమన్నారు. టకటకమని కాసేపు గొణిగి, తర్వాత నిదానించింది. ఉప్పాడ రోడ్డు మీద అలల తుంపర్ల పక్కన పది కిలోమీటర్లు పోయి వచ్చాం. ఎక్కడా దగ్గలేదు.

ఆదివారం అమ్మా నాన్నా గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో దిగారు. స్టేషన్‌కి అదే కారులో వెళ్ళాను. నాన్నగారు ముందు సీట్లో కర్ర సర్దుకుని కూర్చుని, డ్యాష్‌బోర్డు మీద చేయి వేసి నిమిరి, మీటర్ వైపు వంగి చూశారు. ముల్లు పావు దగ్గరుంది.

"ఫుల్ ట్యాంకు కొట్టించి పెట్టాను రా! ఎక్కడెక్కడ తిరిగావు?" అన్నారు.